లేదన్న చప్పుడు

ఎర్ర దీపం వెలిగింది. వెలిగిందా, ఎండ అద్దం మీద పడి అలా మెరిసిందా అని నన్ను నేను అడగబోయి ఆగాను. ఆ ప్రశ్న నాది కాదు, మా ఆయనది. వెలిగింది, అంతే. ఘాటు రోడ్డు మొదటి మలుపు దాటి బండి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే డాష్‌బోర్డు మూల చిన్న బ్యాటరీ బొమ్మ ఒకసారి రెప్ప వేసి ఆరింది, మళ్ళీ వెలిగింది, ఈసారి ఆరలేదు. దానితోపాటే బానెట్ కింద నుంచి ఆ కూత, సన్నగా మొదలై, రేకు మీద మేకుతో గీస్తున్నట్టు పళ్ళు జివ్వుమనేలా సాగి, నేను కాలు కొంచెం వదలగానే తెగిపోయింది. పక్క సీట్లో అత్తయ్య కిటికీలోంచి లోయ చూస్తోంది. ఆమెకు ఆ కూత వినపడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, చెవి పరీక్షలు చెయ్యడమే నా ఉద్యోగం, ఆమె చెవుల గ్రాఫు తీసింది నేనే: ఎడమ వైపు బల్లపరుపుగా బయల్దేరి, సగం దాకా వచ్చాక కొండ మీద నుంచి దూకినట్టు కిందికి పడిపోయే గీత. పిట్టల అరుపులు, ఫోను మోత, పిల్లల గొంతులు, ఈ బెల్టు కూత, అన్నీ ఆమెకు ఆ లోయ అడుగున ఉంటాయి. లావు చప్పుళ్ళు మాత్రం ఒడ్డున మిగిలాయి, తలుపు ధబాలున పడటం, లారీ ఉరమడం, కొడుకు అరవడం.

ఏసీ ఆపాను. దీపం మసకబారింది. బరువు తగ్గగానే మసకబారిందంటే బెల్టుకు కాస్త పట్టు దొరికిందన్నమాట, అంటే తెగలేదు, జారుతోంది. ఈ బండికి ముందు వైపు ఒకటే పొడుగాటి బెల్టు. ఇంజను తిరుగుడునంతా అదే మోసుకెళ్ళి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కీ, నీళ్ళు తిప్పే పంపుకీ, స్టీరింగుకీ, ఏసీకీ పంచుతుంది. అది నీరసపడితే అందరికీ పస్తే. ఇవన్నీ నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు, రెండేళ్ళుగా ఆయన లేదు లేదంటున్న ఒక చప్పుడు వెంట పడి నేర్చుకున్నాను. మొదట్లో అది కూత కూడా కాదు, చలి ఉదయాల్లో స్టార్ట్ చేసినప్పుడు కిచకిచ, అంతే. పిచ్చుక దూరిందేమోనని నిజంగానే బానెట్ ఎత్తి చూశాను. తర్వాత గేటు దగ్గర స్టీరింగు చివరికంటా తిప్పినప్పుడల్లా కుక్కపిల్ల తోక తొక్కినట్టు కుయ్యిమనేది. ఆ పైన హెడ్‌లైట్లు వేసినా కూతే. "విన్నారా?" అంటే "ఏంటి వినేది?" అనేవాడు, రేడియో గొంతు పెంచుతూ. దేన్ని ముంచడానికి పెంచుతున్నారని అప్పుడు అడగాల్సింది. తట్టలేదు. ఆయనకు కొత్త బండి వచ్చాక ఈ పాతది నా పాలబడింది, దాంతోపాటు దాని చప్పుళ్ళూ నావే అయిపోయాయి. "రోజంతా ఆ చెవుల గదిలో కూర్చుని కూర్చుని నీకు లేని మోతలు వినపడుతున్నాయి" అన్నాడు ఒకసారి భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందూ. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఆ చెవుల గది నాకు ఇంటి కంటే బాగా తెలుసు. గోడలకు మెత్త, తలుపు మూస్తే ఎవరి ఊపిరి వాళ్ళకే వినపడేంత నిశ్శబ్దం, అద్దానికి అటు మనిషి, ఇటు నేను. ఆ మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మీట. వినపడితే నొక్కండి, ఎంత సన్నగా వినపడినా సరే, వినపడిందో లేదో అనుమానంగా ఉన్నా సరే, అంటాను. ఆ చివరి ముక్క వినగానే చాలామంది ముఖాలు వదులవుతాయి, అనుమానం పడటానికి ఎవరో ఒకరు అనుమతి ఇచ్చారని. కొందరు నా భుజం కదలిక చూసి, ఏమీ వినపడకుండానే నొక్కేస్తారు, అందుకే భుజం కదపకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. కొందరు పంతానికి పోయి, వినపడినా నొక్కరు. ఎవరెలా చేసినా, లేదు మీకు వినపడలేదు అని నేను ఏ ఒక్కరితోనూ అనలేదు. అలా అనే హక్కు ఎవరికైనా ఉంటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. నిరుడు ఇదే డాష్‌బోర్డులో పసుపు దీపం, ఇంజను బొమ్మది, వెలిగితే మర్నాటికి దాని మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంది. "చూడకపోతే సరి" అన్నాడు. ఇప్పుడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేతి గోరుతో ఆ టేపు లాగాను. జిగురు తీగలా సాగి, ఊడి, వేలికి అంటుకుంది. కింద దీపం వెలుగుతూనే ఉంది, ఇన్నాళ్ళూ చీకట్లో తన పని తాను చేసుకుంటూ. పసుపంటే నన్ను ఎవరికైనా చూపించు అని, ఎరుపంటే ఆగు అని. ఈ పసుపు దానిది వేరే గొడవ కావచ్చు, పొగ గొట్టం దగ్గర ఏ సెన్సరో అలిగి ఉంటుంది, కనపడిన రోగాలన్నిటినీ ఒకే కారణానికి అంటగట్టకూడదు. ఎర్ర దీపానిదీ కూతదీ మాత్రం ఒకటే కథ.

పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళాక సూట్‌కేసు డిక్కీలో పెట్టాను. కొండ అవతలి ఊళ్ళో కొత్త ఆసుపత్రి, అక్కడ చెవి పరీక్షల విభాగం మొత్తం నా చేతికి ఇస్తామన్నారు, ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోపు చేరకపోతే ఆ కుర్చీ తర్వాతి మనిషికి. ఇంట్లో దీని గురించి చాలా రోజులు చర్చ జరిగింది, చర్చ అంటే నేను మాట్లాడటం, ఆయన టీవీ చూడటం. మొదట "అలాంటి ఉద్యోగాలేం ఉండవులే, ఉత్తుత్తి పిలుపులు" అన్నాడు. తర్వాత "ఉన్నా నీ వల్ల కాదు" అన్నాడు. నిన్న "ఏ ఉద్యోగం?" అన్నాడు, మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టి, ఆ ముఖం ఎంత నిజంగా ఉందంటే నేను ఇదివరకు చెప్పానా లేదా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను, అప్పుడే, ఆ వెతుక్కోవడంలోనే, వెళ్ళిపోవాలని తేలిపోయింది. డిక్కీ మూసి ముందుకొచ్చేసరికి అత్తయ్య ముందు సీట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో చేతిసంచి, మోకాళ్ళ మధ్య చేతికర్ర. పెదాలు కనపడేలా ఆమె ముఖానికి ఎదురుగా వంగాను.

"ఎక్కడికత్తయ్యా?"

"నువ్వెళ్ళే చోటికే."

"నేను తిరిగి రావట్లేదు."

"నేను మాత్రం వస్తానన్నానా?" అంది, అదేదో నేనే పిచ్చి ప్రశ్న వేసినట్టు.

దిగమని అనలేకపోయాను. ఒక సెలవు రోజు ఆమెను మా గదికి తీసుకెళ్ళి పరీక్ష చేసి, ఆ గ్రాఫు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, చెవులకు మిషన్లు పెట్టిద్దామని అడిగిన సాయంత్రం గుర్తొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మకు చెవుడేంటి, ఇష్టం లేనిది వినదు, అంతే" అన్నాడు. ఆమె వీపు వెనక నిలబడి "అమ్మా" అని నెమ్మదిగా పిలిచాడు. ఆమె తిరగలేదు. "చూశావా, కావాలనే" అన్నాడు. పైకెక్కే లారీ ఒకటి ఇప్పుడు మా వెనకే వచ్చి హారన్ కొడుతోంది. దారిచ్చాను. స్టీరింగు మునుపటి కంటే బరువుగా తిరిగింది. వేడి చూపించే సూది సగం దాటి పైకి పాకుతోంది. దీపం, సూది, స్టీరింగు, మూడూ ఒకే బెల్టు మీద బతికేవే, మూడూ ఒకేసారి మూలుగుతున్నాయి. బెల్టు ఎందుకు జారుతోంది, పాతబడా, వదులయ్యా, ఇంకేదైనా దాన్ని జారనిస్తోందా అని నేను తలబద్దలు కొట్టుకుంటుంటే అత్తయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి, వేరే ఎక్కడో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, "అమ్మాయ్, కాళ్ళ కింద ఏదో గరగరమంటోంది" అంది.

గరగర. నాకు కూత ఒక్కటే వినపడుతోంది, అది చెవినంతా ఆక్రమించి కింద మరో చప్పుడుకు చోటు లేకుండా చేసింది. ఆమెకు కూత లేదు కాబట్టి దాని కింద ఏముందో తేటగా తెలుస్తోంది, పాదాల్లోంచి, కర్రలోంచి, గడ్డం ఎముకలోంచి. రోడ్డు కాస్త వెడల్పైన చోట, కొండ వైపు నీడలో ఆపాను. ఇంజను చల్లారే దాకా ఇద్దరం రాతి గట్టు మీద కూర్చున్నాం. ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ముందు నాకిచ్చింది. తర్వాత నేను జుట్టు ముడేసుకుని, చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, బానెట్ ఎత్తి, ఇంజను మళ్ళీ స్టార్ట్ చేసి, తిరుగుతున్న బెల్టు గాడుల మీద సీసాలోంచి నీళ్ళు చిలకరించాను. తడవగానే కూత తగ్గితే పుల్లీల వరస తప్పిందని, ఎక్కువైతే బిగువు చాలట్లేదని ఎక్కడో చదివాను. ఎక్కువైంది. కొండ గోడకు తగిలి రెండు కూతలై తిరిగొచ్చింది. బిగువు చాలట్లేదు, సరే, బెల్టును బిగించి పట్టుకునే టెన్షనర్ పుల్లీ పక్కనే ఉంది, దాని సంగతేమిటి. అత్తయ్య చేతికర్ర అడిగి తీసుకున్నాను. ఒక కొన కదలని బోల్టు మీద ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు నొక్కుకున్నాను, మా గదిలో ఎముక పరీక్షకు కంపించే బిళ్ళ పెట్టే చోటే. ఆల్టర్నేటర్ మీద పెడితే నున్నటి రొద. నీళ్ళ పంపు మీదా అంతే. టెన్షనర్ పుల్లీ బోల్టు మీద పెట్టగానే పుర్రె లోపల ఎవరో కంకర పోసి తిప్పినట్టయింది. బేరింగు అరిగిపోయింది. పుల్లీ ఊగుతోంది, ఊగుతున్న పుల్లీ బెల్టును సరిగ్గా పట్టలేదు, పట్టులేని బెల్టు జారుతోంది, జారే బెల్టు కూస్తోంది. అత్తయ్య నా భుజం తట్టి, నాకూ పెట్టు అంది. కర్ర గట్టిగా పట్టుకుని, ఆమెను బెల్టుకు ఎడంగా నిలబెట్టి, కొన ఆమె చెవి వెనక ఆనించాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"వినపడుతోందే," అంది నెమ్మదిగా. "బాగా వినపడుతోంది. ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

ఎంతసేపటికీ కర్ర వదలలేదు. పాడైపోయిన బేరింగు గరగరను అంత ఇష్టంగా విన్న మనిషిని నేను చూడలేదు. ఆ సమయంలోనే నా ఫోను మోగింది. ఆయన. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఉంటాడు. ఇంజను ఆపి, ఫోను ఎత్తాను.

"ఎక్కడున్నావు?"

"కొండ మీద."

"బండెందుకు తీశావు? అమ్మేది?"

"నా పక్కనే ఉన్నారు."

గొంతు మారింది. మెత్తగా, అనునయంగా, "వెనక్కి తిప్పు. ఆ బండి కొండ ఎక్కదు. పుల్లీ పోయింది దానికి, ఎప్పుడు ఊడుతుందో తెలీదని మెకానిక్ నిరుడే చెప్పాడు."

"ఏ చప్పుడొస్తే పోయినట్టని చెప్పాడు?"

"కీచుమని. అదంతా ఇప్పుడెందుకు?"

"వచ్చేదా ఆ చప్పుడు?"

"వచ్చేది, వచ్చేది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అక్కడే ఉండండి, నేనొచ్చి ఇద్దర్నీ తీసుకొస్తాను."

"రాకండి," అన్నాను, పెట్టేశాను.

ఎన్నిసార్లు చెప్పాలి నీకు. రోడ్డు పక్కన నిలబడి ఆ మాటను రెండు మూడు సార్లు పైకే అనుకున్నాను. ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. వచ్చింది వేరే ఏదో, చాలా కాలం ఒకే భుజాన మోసిన సంచి దించాక ఆ భుజం దానంతటదే పైకి లేచినట్టు. నా చెవుల మీద నాకే నమ్మకం పోయి, ఒక రోజు అందరూ వెళ్ళిపోయాక తోటి ఉద్యోగినిని బతిమాలి నేనే ఆ గాజు గదిలో కూర్చున్నాను, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెమట పట్టిన చేత్తో మీట పట్టుకుని. "నీ చెవులకేమైంది, శుభ్రంగా ఉన్నాయి" అంది ఆవిడ. శుభ్రంగా ఉన్న చెవులతో ఇంటికొచ్చి, ఇక అడగడం మానేశాను. చెవులు బాగుంటే బుర్రే పాడైందేమోనని, దానికి పరీక్ష ఎక్కడ చేస్తారో తెలియక. ఆ రోజుల్లో వానలో ఈ బండిలోనే పని నుంచి వచ్చేదాన్ని. అత్తయ్యను కళ్ళ డాక్టర్ దగ్గరికి ఈ బండిలోనే తీసుకెళ్ళాను. పుల్లీ ఎప్పుడు ఊడుతుందో తెలియదని తెలిసీ రోజూ పొద్దున తాళాలు నా చేతిలో పెట్టేవాడు. మరమ్మతు చేయిస్తే చప్పుడు ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోవడం కంటే నేను రోడ్డు మధ్యలో ఆగిపోవడమే ఆయనకు నయమనిపించింది. ఇప్పుడు నన్ను ఆపడానికి అదే చప్పుడు కావాల్సి వచ్చింది, జేబులోంచి తీసి చూపించాడు. ఆ ఇచ్చిన దాన్ని నేను తీసుకున్నాను. తీసుకుని ముందుకే వెళ్తాను.

వెళ్ళొచ్చా లేదా అన్నది మాత్రం పంతం మీద తేల్చే విషయం కాదు, సూది మీద తేల్చాలి. సూది దిగింది. బెల్టు అంచులు చూశాను, గాడులు మెరుపెక్కాయి గానీ పీచు రేగలేదు. శిఖరం ఇంకో నాలుగైదు మలుపులే, ఆ పైన అంతా దిగుడు, దిగువన లారీలు ఆగే చోట రిపేరు షెడ్డు ఉందని వచ్చేటప్పుడు బోర్డు చూశాను. స్టీరింగు ఒక్కసారిగా బిగుసుకున్నా, సూది ఎగిరినా ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. అత్తయ్యకు పెదాలతో, చేతులతో అదంతా చెప్పాను. ఆమె చెప్పులు విడిచి వట్టి పాదాలు నేలకు ఆనించి, అరచెయ్యి డాష్‌బోర్డు మీద పరిచి, "కానీ" అంది. ఏసీ లేదు, రేడియో లేదు, కిటికీలన్నీ దించేసి, మండుటెండలో వేడి గాలి మీట చివరికంటా తిప్పాను, ఇంజను వేడిలో కొంత మా ముఖాల మీదికి వస్తే అది బతుకుతుంది. పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. చెమట కళ్ళలోకి కారుతోంది. రెండో గేరులో, తొందరపడకుండా, కూత మొదలైతే కాలు కాస్త వదులుతూ, ఆగితే నొక్కుతూ ఎక్కాను. "పెరిగింది" అంటుంది అత్తయ్య, వదులుతాను. "తగ్గింది" అంటుంది, నొక్కుతాను. పై చప్పుడు నాది, కింది చప్పుడు ఆమెది, ఇద్దరం కలిస్తే ఒక నిండు చెవి. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి, దాటుకుంటూ, కిటికీల్లోంచి మమ్మల్ని చూసి ఏవో అన్నారు. ఆమెకు వినపడలేదు, నేను వినలేదు. చివరి మలుపులో దీపం పూర్తి ఎరుపుకు తిరిగి, కూత ఆగకుండా సాగి, ఇక ఆపేద్దామని నేను రోడ్డు పక్కకు చూస్తుండగానే బండి ముక్కు కిందికి వంగింది, ఇంజను బరువు వదిలింది, ఎదురుగా లోయంతా పరుచుకుని, దాని అంచున ఎక్కడో ఎండకు మెరుస్తున్న ఇళ్ళ కప్పులు. అత్తయ్య డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసి కళ్ళు తుడుచుకుంది, చెమటే అయ్యుండాలి.

షెడ్డులో మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వెనక ఎవరైనా దిగుతారేమోనని చూశాడు, దిగలేదు. టెన్షనర్ పుల్లీ బేరింగు పోయిందనీ, బెల్టు కూడా మెరుపెక్కింది కాబట్టి రెండూ మార్చాలనీ చెప్పాను. పసుపు దీపం సంగతి తర్వాత చూసుకుంటానన్నాను. అతను నా మాట మీద వదిలెయ్యకుండా తనూ చూశాడు, అది నాకు నచ్చింది. బెల్టు విప్పి పుల్లీని వేలితో అటూ ఇటూ ఊపితే తలాడించే బొమ్మ తలలా ఊగింది.

"దీన్ని ఎప్పుడో మార్చాల్సిందమ్మా. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. నాకు కాదు."

అతను నావైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చాడు. కొత్త బెల్టు ఎక్కించి స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. ఎర్ర దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. కూత లేదు. స్టీరింగు చివరికంటా తిప్పాను, ఏసీ వేశాను, హెడ్‌లైట్లు వేశాను, లేదు. రెండేళ్ళలో మొదటిసారి ఈ బండిలో నిజంగానే ఏ చప్పుడూ లేదు, లేదని అన్నది నేను.

ఫోను మళ్ళీ మోగింది. ఎత్తగానే ఆయన, గొంతు బయటికే వినపడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు, ముసలావిడను తీసుకుపోవడానికి నువ్వెవరివి అంటున్నాడు, ఆమెకేం తెలుసు, నువ్వు చెప్పిందల్లా నమ్ముతుంది అంటున్నాడు. నేను జవాబు చెప్పేలోగా అత్తయ్య చెయ్యి చాపింది. ఇచ్చాను. ఆమె దాన్ని చెవికి పెట్టుకోలేదు, అప్పడంలా ముఖం ముందు పట్టుకుంది.

"ఒరేయ్ నాన్నా, నేను," అంది. ఆయన గొంతు ఆగలేదు, ఆమెకు ఆగక్కర్లేదు కూడా. "నువ్వేమంటున్నావో నాకు తెలీదు. గుయ్యిమని మోత తప్ప ఏమీ అందట్లేదు. అందుకని నేను చెప్పేది నువ్వు విను. నన్నెవరూ ఎత్తుకురాలేదు, ఆ పిల్ల రమ్మని కూడా అనలేదు. నేనే ఎక్కి కూర్చున్నాను. నీ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా అందరూ నవ్వితే నవ్వుతున్నాను, అందరూ లేస్తే లేస్తున్నాను. ఎందుకు నవ్వానో నాకు ఒక్కసారీ తెలీదు. ఇప్పుడు చెవులకు మిషన్లు పెట్టించుకుంటాను. పెట్టించుకున్నాక నేనే నీకు ఫోన్ చేస్తాను. అప్పుడు నువ్వు చెప్పేది ఏదైనా ఉంటే, అప్పుడు వింటాను. అందాకా చెయ్యకు."

ఆమె ఫోను నా చేతికిచ్చి, సీట్లో సర్దుకుని, కర్ర పక్కన పెట్టుకుని, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ, "ఇక పోనీ అమ్మాయ్" అంది.

పోనిచ్చాను.